పాత పేపర్లవాడు పట్టుకుపోయిన గడియారం

మావయ్య తద్దినం అయిన మర్నాడు మధ్యాహ్నం. తిరుపతిలో మా మేనత్త ఇంటి వెనక వరండా. ఇద్దరి మధ్య స్టీలు పళ్లెంలో నిన్నటి గారెలు, పక్కన నేను రాస్తున్న నవల తాలూకు నూట నలభై కాగితాలు. ఆ నవల మావయ్య గురించే. అత్తయ్య ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పింది. రిటైరయినా ఎర్ర పెన్ను అలవాటు పోలేదు. కాగితాలు నెల కిందటే పోస్టులో పంపాను. ఫోన్లో ఒక్క మాట అనలేదు. మనిషి ఎదురుగా లేకపోతే దిద్దబుద్ధి కాదంది. ఆ సాయంత్రం దాకా మా ఇద్దరికీ జరిగిన వాదన, నాకు గుర్తున్నంత వరకు ఇది. తను గట్టిగా మాట్లాడిన చోట నేను కాస్త గొంతు తగ్గించి రాసి ఉంటాను. నేను మెత్తబడిన చోట్లు కొన్ని దాచి ఉంటాను.

అత్తయ్య: మొదటి పేజీలోనే వాల్మీకిని లాక్కొచ్చావు. శోకం శ్లోకమైందని.

నేను: తప్పేముంది అత్తయ్యా? మన కవిత్వం పుట్టిందే అలాగని కదా చెప్పుకుంటాం.

అత్తయ్య: ఆయన ఏడ్చింది ఎవరి కోసంరా? పెళ్లాం కోసమా, కొడుకు కోసమా? స్నానానికి వెళ్తూ చూసిన క్రౌంచపక్షి కోసం. ఇంట్లో మనిషి పోయి ఉంటే ఆయన శ్లోకం చెప్పేవాడో, పది రోజులు మంచం పట్టేవాడో ఎవరికి తెలుసు? నువ్వు రాస్తున్నది ఇంటి మనిషి గురించి. పిట్టని సాక్ష్యానికి పిలవకు.

నేను: సరే, పిట్టని వదిలేద్దాం. ఆర్.కె. నారాయణ్‌ని పిలుస్తాను. 'ది ఇంగ్లీష్ టీచర్', నువ్వు పాఠం చెప్పిన పుస్తకమే. 1939లో ఆయన భార్య రాజం టైఫాయిడ్‌తో పోయింది. పెళ్లయి అయిదేళ్లు, చేతిలో చిన్నపిల్ల. అప్పటికే 'స్వామి అండ్ ఫ్రెండ్స్', 'ది బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్', 'ది డార్క్ రూమ్' వరసగా వచ్చాయి, 1935 నుంచి 1938 లోపు. ఆ తర్వాత ఏడేళ్లు నవల లేదు. 1945లో 'ది ఇంగ్లీష్ టీచర్' వచ్చింది, రాజానికి అంకితంగా. అందులో కృష్ణ అనే లెక్చరర్, సుశీల అనే భార్య, లీల అనే పాప. సుశీలకి టైఫాయిడ్. ఇంట్లో జరిగిన చావు ఇంత సూటిగా నవల్లోకి నడిచొచ్చిన సందర్భం ఇంకోటి చూపించు.

అత్తయ్య: ఏడేళ్లూ దుఃఖం ఖాతాలోనే రాసేస్తావా? 1941లో 'ఇండియన్ థాట్' అని పత్రిక పెట్టాడు, మూడు సంచికలకి మూతపడింది. 1943లో 'మాల్గుడి డేస్' కథల పుస్తకం తెచ్చాడు. చెయ్యి ఆడుతూనే ఉంది. ఆయన నవలలు అచ్చయ్యేది లండన్‌లో. యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏడేళ్లలో సగం వాటా హిట్లర్‌ది.

(ఇది నాకు తట్టలేదు. రాసేవాళ్ల మౌనం చూస్తే ముందు మనకి గుండె గుర్తొస్తుంది, కాగితం దొరికిందో లేదో గుర్తు రాదు.)

నేను: వాటా ఎవరిదైనా, చివరికి వచ్చిన నవల మాత్రం ఆ చావుదే. ఆయనే ఒప్పుకున్నాడు. ఆత్మకథలో రాశాడు కదా, తన నవలలన్నిటిలో ఇదే తన జీవితానికి దగ్గరదని, కల్పన బహుకొద్ది అని.

అత్తయ్య: 'మై డేస్' 1974లో వచ్చింది. నవల వచ్చిన ఇరవై తొమ్మిదేళ్లకి. అప్పటికి ఆయనకే ఏది జరిగిందో, ఏది రాసుకున్నాడో కలిసిపోయి ఉండొచ్చు. నువ్వు లెక్క చూడు. కృష్ణ కాలేజీ లెక్చరర్. నారాయణ్ ఉద్యోగం చేసింది ఎన్ని రోజులు? చన్నపట్నలో బళ్లో చేరి ఇలా వెళ్లి అలా పారిపోయొచ్చాడు. పెళ్లయ్యాక మద్రాసు పత్రికకి మైసూరు నుంచి వార్తలు పంపి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. పైగా ఉమ్మడి కుటుంబం. తల్లి, అన్నదమ్ములు, వచ్చేపోయే చుట్టాలు. మరి నవల్లో? హాస్టల్లో ఉండే కృష్ణ ఇల్లు అద్దెకి తీసుకుంటాడు. తల్లి వచ్చి వంటిల్లు సర్ది వెళ్లిపోతుంది. మిగిలేది ఆయన, ఆవిడ, పాప.

నేను: అంటే?

అత్తయ్య: అంటే ఏమిటా? రాజం బతికుండగా వాళ్లకి విడిగా ఒక ఇల్లు లేదు. నవల్లో కట్టించాడు. గదులు, వీధి అరుగు, నెల మొదట్లో సరుకుల చీటీ, ఆ చీటీ మీద తగువు. ఇదంతా కల్పన. నువ్వు చావు కోసం పుస్తకం చదువుతున్నావు. నేను ముప్పై ఏళ్లు కాపురం కోసం చదివాను.

నేను దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. గారె తుంచాను. చల్లారి రబ్బరులా సాగింది.

నేను: అయితే సుశీలకి జబ్బు ఎలా వచ్చిందో అది చెప్పు. ఇల్లు కొందామని లాలీ ఎక్స్‌టెన్షన్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తారు. ఆవిడ పెరట్లో మరుగుదొడ్డిలోకి వెళ్తుంది, తలుపు బిగుసుకుపోతుంది. లోపలంతా మురికి, ఈగ వచ్చి పెదవి మీద వాలుతుంది. బయటికొచ్చాక ఆ అసహ్యం వదలదు. తర్వాత జ్వరం. నిజజీవితంలో టైఫాయిడ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? నీళ్లలోంచి వచ్చిందో, పాలలోంచి వచ్చిందో. కానీ పోగొట్టుకున్నవాడికి కారణం కావాలి. ఆ రోజు అటు వెళ్లకపోతే, ఆ ఇల్లు చూడకపోతే అని. అందుకే ఆ తలుపు బిగించాడు. అది శిల్పం కాదు అత్తయ్యా. తెల్లవారుజామున మెలకువొచ్చినప్పుడు మనసు తిరిగే తిరుగుడు.

అత్తయ్య: (కొంచెం ఆగి) అది బావుంది. ఆ ముక్క నీ నవల్లో ఎక్కడైనా ఉందా?

నేను: లేదు.

అత్తయ్య: ఊఁ. కానీ ఇంకో సంగతి చూడు. కారణం పెట్టాడు సరే, నేరం ఎవరి మీద పెట్టాడు? ఎవరి మీదా పెట్టలేదు. డాక్టరు మొదట మలేరియా అంటాడు, సీసాలో రంగునీళ్లు ఇస్తాడు. పాఠకుడికి ఆ డాక్టరు పీక పిసకాలనిపిస్తుంది. కృష్ణకి అనిపించదు, అనిపించినా చెప్పడు. అత్తగారు దిష్టి అని భూతవైద్యుణ్ణి పిలిపిస్తుంది. డాక్టరు ఉండగానే వాడు దిగితే కృష్ణ సిగ్గుతో చచ్చిపోతాడు. లోపల పెళ్లాం జ్వరంలో కాలిపోతుంటే వరండాలో నవ్వొచ్చే నాటకం. ఏడుస్తూ రాసేవాడికి ఈ చూపు ఉంటుందా? ఇది ఏడుపు అయిపోయాక వచ్చిన చూపు.

నేను: ఏడుస్తుండగానే నవ్వొస్తుంది అత్తయ్యా. మావయ్య పాడె కట్టేవాళ్లు ఎత్తు కొలుస్తూ పక్కింటాయన్ని పక్కన నిలబెట్టారు, గుర్తుందా?

అత్తయ్య నవ్వింది. నవ్వి కళ్లద్దాలు తుడుచుకుంది. ఈ సమాధానంతో గెలిచానని అనుకున్నాను కానీ ఆ సంగతి కూడా నా కాగితాల్లో లేదని తనే గుర్తుచేసింది.

నేను: నా దగ్గర ఇంకో ముక్క ఉంది. జాతకం. నారాయణ్ కోయంబత్తూరులో రాజాన్ని చూసి ఇష్టపడ్డాడు, వీధి కొళాయి దగ్గర నీళ్లు పడుతుండగా. జాతకాలు కలవలేదు. ఆయనకి కుజుడు ఏడో ఇంట్లో. అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

అత్తయ్య: భార్యకి గండం.

నేను: అయినా పెళ్లయింది. అయిన అయిదేళ్లకి ఆవిడ పోయింది. ఇప్పుడు నవలలు చూడు. 'బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్' 1937లో వచ్చింది, భార్య పక్కనే ఉన్న రోజులు. అందులో చంద్రన్ మాలతిని ఇష్టపడతాడు, జాతకం అడ్డొచ్చి సంబంధం చెడిపోతుంది. బతుకులో గెలిచిన పెళ్లిని కథలో ఓడించాడు. ధైర్యం ఉన్నప్పుడు అలా ఆడుకోవచ్చు. చావు తర్వాత రాసిన నవల్లో కృష్ణ, సుశీలల మధ్య కుజుడు లేడు. కానీ ఇంకెవరున్నారు? పిల్లల బడి నడిపే హెడ్మాస్టరు. ఫలానా రోజు చచ్చిపోతావని జ్యోతిష్కుడు ఆయనకి ముందే రాసిచ్చాడు. మిగిలినవన్నీ ఆ కాగితంలో ఉన్నట్టే జరిగాయి. ఆ రోజు వస్తుంది. ఆయన అందరికీ వీడ్కోలు చెప్తాడు. చావడు. తెల్లారి లేచి మళ్లీ పిల్లలకి పాఠం చెప్పుకుంటాడు.

అత్తయ్య ఎర్ర పెన్ను కింద పెట్టింది.

నేను: జ్యోతిష్కుణ్ణి అబద్ధాలకోరు చేశాడు అత్తయ్యా. కుజుడి మాట తన ఇంట్లో నిజమైంది కాబట్టి, పుస్తకంలో ఒక్కచోటైనా వాడి మాట తప్పాలి. అది ఎక్కడా చెప్పడు. సుశీలకి ముడిపెట్టడు. ఎక్కడో పక్కపాత్ర మీద, నవ్వులాటలా పెట్టేశాడు. దుఃఖం నవలని మలుస్తుందంటే నేను అనేది ఇదే. చావు ఘట్టంలో వెతికితే అది దొరకదు.

అత్తయ్య: ఇన్నేళ్లు పాఠం చెప్పాను. ఆ హెడ్మాస్టరు గురించి పరీక్షల్లో అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చేవాళ్లం. ఇలా చూడలేదు. (కొంచెం సేపటికి) కానీ నువ్వు రచయితే స్వయంగా చెప్పని సంబంధం చెప్తున్నావు. అది నీ ఊహ.

నేను: ఊహే. కాదనను.

అత్తయ్య: అయితే రెండో సగం గురించి కూడా ధైర్యంగా మాట్లాడు. సుశీల పోయిన దగ్గర్నించి పుస్తకం రెండు ముక్కలైంది. ఒక పెద్దమనిషి వస్తాడు, ఊరవతల తామరకొలను ఉన్న తోటలో కూచుని చేత్తో చకచకా రాసేస్తుంటాడు. సుశీలే పలుకుతోందంటాడు. ఆత్మలు, సందేశాలు, ధ్యానం. క్లాసులో మొదటి సగానికి ముందు బెంచీలు నిండేవి. రెండో సగానికి కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు. నేనూ త్వరగా లాగించేసేదాన్ని. నారాయణ్‌కీ ఈ సంగతి తెలుసు. కాపురం కథ నచ్చినవాళ్లు తర్వాతి భాగం చూసి తికమకపడతారని ఆత్మకథలో తనే చెప్పాడు.

నేను: కానీ అది నిజంగా జరిగింది కదా. మద్రాసులో ఒక లాయరు దగ్గర కూచున్నాడు. రాజం పలుకుతోందని ఆ లాయరు కాగితాలు నింపాడు. నారాయణ్ బతికి బట్టకట్టింది దానివల్లేనని నమ్మాడు.

అత్తయ్య: అదేరా నేను చెప్పేది. జరిగినదాన్ని జరిగినట్టు పెట్టిన చోట నవల చచ్చింది. లాయర్ని తోటమాలి బాపతు మనిషిగా మార్చాడు, అంతే. మిగతాదంతా నమ్మకం. ఉమ్మడి కుటుంబాన్ని విడి ఇల్లు చేసిన చోట మాత్రం ఎంత ప్రాణం ఉంది! దుఃఖానికి కలం ఇచ్చి పక్కకి జరిగితే ఏమవుతుందో ఆ రెండో సగమే చెప్తుంది.

నేను: నాకు ఆ రెండో సగం ఇష్టం.

అత్తయ్య: ఎందుకు?

నేను: బాగా రాశాడని కాదు. బాగా రాయడం కంటే ఇంకేదో ఎక్కువ అవసరమైపోయిన మనిషి కనపడతాడు. మంచి నవలాకారుడు అక్కడ కత్తిరించేస్తాడు. ఈయన కత్తిరించలేదు.

అత్తయ్య: దాన్ని మా కాలేజీలో సానుభూతి మార్కులు అనేవాళ్లం.

ఆ తర్వాత కాసేపు ఇద్దరం వాడిగా మాట్లాడుకున్నాం, ఆ మాటలు ఇక్కడ వద్దు. నేను దస్తయేవ్‌స్కీని అడ్డం పెట్టుకున్నాను. 1878 మేలో ఆయన చిన్న కొడుకు అల్యోషా మూర్ఛతో పోయాడు, ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ మూర్ఛరోగం తండ్రిదే. ఆ తర్వాతి నెలలో ఆయన ఆప్తీనా మఠానికి వెళ్లాడు, అక్కడి వృద్ధ సన్యాసి మాటలు విన్నాడు. మరుసటి ఏడు మొదలైన 'కరమజోవ్ సోదరులు'లో కథానాయకుడి పేరు అల్యోషా. మూడేళ్లు నిండని కొడుకుని పోగొట్టుకున్న పల్లెటూరి తల్లి ఒకావిడ వచ్చి ఆ నవల్లో సన్యాసి కాళ్ల దగ్గర కూచుంటుంది. ఏడేళ్లు ఆగలేదు, శిల్పమూ చెడలేదు అన్నాను. అత్తయ్య అంతా విని ఒక్క ప్రశ్న వేసింది.

అత్తయ్య: కొడుకు పేరు మంచివాడికి ఇచ్చాడు. కొడుకుని చంపిన ఆ మూర్ఛ ఎవరికిచ్చాడు?

నేను: స్మెర్ద్యకోవ్‌కి.

అత్తయ్య: తండ్రిని చంపి, మూర్ఛ వచ్చిందని నటించి తప్పించుకున్నవాడికి. తన రోగాన్ని, కొడుక్కి తనిచ్చిన రోగాన్ని హంతకుడి చేతిలో పెట్టాడు. ఎంత గుండె ఉండాలి దానికి! నువ్వు మీ మావయ్య రోగాన్ని ఏం చేశావు? ఆస్పత్రి మంచం, కిటికీలో ఎండ, ఆయన చిరునవ్వు. ఆయన ఆస్పత్రిలో ఒక్కసారి నవ్వలేదురా. నర్సుల్ని తిట్టాడు. నన్ను తిట్టాడు.

నేను మాట్లాడలేదు.

అత్తయ్య: విశ్వనాథవారు భార్య పోతే 'వరలక్ష్మీ త్రిశతి' రాసుకున్నారు, పద్యాలు. పద్యంలో పోయినవాళ్లని దేవతని చెయ్యొచ్చు, పద్యం మోస్తుంది. నవల మొయ్యదు. నవలకి ఆవిడ కూరలో ఉప్పు ఎక్కువేసిన రోజు కావాలి. నారాయణ్‌కి ఈ సంగతి తెలుసు కాబట్టే కృష్ణ చేత దొంగపద్యం రాయించాడు. పెళ్లాం మీద కవిత్వం రాశానని గొప్పగా వినిపిస్తాడు. ఇది వర్డ్స్‌వర్త్‌ది కదా, మా పాఠ్యపుస్తకంలో ఉంది అంటుందావిడ. పోయిన భార్య మీద పుస్తకం రాస్తూ, భార్య మీద కవిత్వం రాసే మొగుణ్ణి వెక్కిరించాడు.

నేను: గడియారం కూడా.

అత్తయ్య: గడియారం! వేళాపాళా లేకుండా కూసే ఆ అలారం గడియారం. నోరు నొక్కడానికి దాని మీద లావుపాటి పుస్తకం పెట్టాలి. సుశీల విసిగిపోయి పాత పేపర్లవాడికి అమ్మేస్తుంది. ఆయన ఇంటికొచ్చి బల్ల మీద అది లేకపోయేసరికి అరుస్తాడు. రెండు రోజులు మాటల్లేవు ఇద్దరికీ. నాకు పుస్తకం మొత్తంలో ఏడుపొచ్చేది అక్కడే. చావు దగ్గర జ్వరం పట్టీ, ఐసు సంచి, పొడిపొడిగా లెక్క రాసినట్టు రాశాడు, అక్కడ ఏడవనివ్వడు. కానీ ఈ తగువు చదువుతుంటే, అయ్యో, ఉన్న కొద్ది రోజుల్లో రెండు రోజులు పోగొట్టుకుంటున్నారే వీళ్లు అనిపిస్తుంది. ఆ సంగతి వాళ్లకి తెలీదు, రాసేవాడికి తెలుసు. దుఃఖం ఈ పుస్తకంలో ఏదైనా రాసి ఉంటే ఈ గడియారాన్ని రాసింది. ఇక్కడ మాత్రం నీ మాట ఒప్పుకుంటాను.

నేను: అంటే మనిద్దరం ఒకటే అంటున్నాం.

అత్తయ్య: లేదు. మనిషి పోయాడు కాబట్టి నవల వస్తుందంటున్నావు నువ్వు. అలాగైతే ఈ వీధిలో ప్రతి ఇంట్లో నవల ఉండాలి. నేనే రెండు రాసి ఉండాలి.

నేను 1967లో వచ్చిన నారాయణ్ నవల 'ది వెండర్ ఆఫ్ స్వీట్స్' సంగతి తెచ్చాను. భార్య పోయిన మిఠాయి కొట్టు జగన్, తల్లి పోయాక తండ్రితో ముభావమైపోయిన కొడుకు మాలి. తల్లి లేని పిల్లని తనే పెంచిన తండ్రి భయమంతా అందులో ఉంది కదా అన్నాను. నారాయణ్ కూతురు హేమకీ మాలికీ పోలికే లేదు, ప్రతిదీ ఇంటికి అంటగట్టకు అంది. 1994లో ఆ హేమ కూడా పోయింది, తర్వాత ఆయన కొత్త నవల తేలేదు అన్నాను. ఎనభై ఏడేళ్లు నాయనా, నడుం కూడా లేవదు అంది. కానీ ఆ మాట అన్నాక కొంతసేపు గారెల పళ్లెం మీద ఈగలు తోలుతూ కూచుంది.

అత్తయ్య: ఇక ఇది చూడు. నలభై మూడో పేజీ. ఆయన గారెలు అల్లం పచ్చడిలో ముంచుకుని తింటూ నీకు కథలు చెప్పాడా?

నేను: నాకలా గుర్తు.

అత్తయ్య: మీ మావయ్య గారె ముట్టడు. పొట్టలో గ్యాసు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ వడ్డిస్తే జేబులో వేసుకుని పెరట్లో కుక్కకి పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఒక్క గారె తినలేదు. నిన్న ఆయన పేరున నలుగురు బ్రాహ్మలకి వడ్డించాను, ఆయన ఉంటే తిట్టేవాడు.

నేను: నారాయణ్ ఉద్యోగమే మార్చేశాడు, ఇల్లు మార్చేశాడు. నేను గారె మార్చకూడదా?

అత్తయ్య: ఆయనకి తన ఇల్లు తెలుసు, తెలిసి మార్చాడు. నీకు ఈ గారె సంగతి తెలుసా?

తెలీదు. ఒప్పుకున్నాను. మంచి మనిషి అని తెలుసు, మంచితనం గురించి నూట నలభై పేజీలు రాశాను. మీ ఇద్దరికీ ఎప్పుడైనా గడియారం లాంటి తగువు అయిందా అని అడిగాను. ఒకసారి అయిందంది. ఇద్దరం పదకొండు రోజులు మాట్లాడుకోలేదంది. ఎందుకని అడిగితే పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

నేను నలభై మూడో పేజీలో గారెల పేరా కొట్టేసి, అంచున 'పదకొండు రోజులు' అని రాసుకున్నాను.

అత్తయ్య తడి చేతులు పమిటకి తుడుచుకుంటూ వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ అంచు చూసింది. ఎర్ర పెన్ను తీసి 'పదకొండు' కొట్టేసి, పైన 'తొమ్మిది' అని రాసింది. సరిగ్గా గుర్తొచ్చి దిద్దావా, నవల కోసం దిద్దావా అని అడిగాను. కాఫీ పెట్టమంటావా అంది.